ఒంటి తడి ఆరకముందే రాయాలి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 38. పుట్టి పెరిగింది కాకినాడలో. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చి నిజాంపేటలో అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. దీపావళి దాటిందంటే చాలు, నా ముంజేతులు, పిక్కలు, మోకాళ్ళ కింద ముందు భాగం తెల్లగా పొలుసులు రేగుతాయి. గోటితో గీస్తే గీత పడుతుంది. రాత్రి పక్క మీదికి చేరాక దురద మొదలై నిద్ర ఉండదు. కాకినాడలో ఉన్నప్పుడు ఈ బాధ ఎరగను. మాకు వచ్చేవి బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు నీళ్ళు. మాదాపూర్‌లో ఏసీ ఆఫీసులో పని చేస్తాను. చలికాలంలో రెండు పూటలా గీజరు వేడినీళ్ళతో, సబ్బుతో స్నానం చేస్తాను. ఆదివారం కొబ్బరినూనె పట్టించి సున్నిపిండితో రుద్దుకుంటాను. కిందటేడు మందుల షాపులో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో దురద పోయింది. మానగానే ఇంకా ఎక్కువగా వచ్చింది. ఇప్పుడు మూడో ట్యూబు నడుస్తోంది. మావారేమో రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తాగమంటారు. మా అత్తయ్య గారికి 71 ఏళ్ళు, షుగరు ఉంది. కాళ్ళ మీద చర్మం నెర్రెలు విచ్చింది, మడమలు పగిలాయి. ఇది అలర్జీయేనా? నీళ్ళు మార్చాలా? మేమిద్దరం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికంటే ముందు ఆ ట్యూబు సంగతి చెప్పాలి. దాన్ని తీసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, హాలోబెటసాల్, ఈ పేర్లలో ఏ ఒక్కటి ఉన్నా అది స్టెరాయిడ్ క్రీము. చాలాసార్లు దానితో పాటు నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, మైకొనజోల్ లాంటి ఫంగస్ మందు కూడా కలిపి ఉంటాయి. దురద ఎందుకు వచ్చిందో చూడకుండా అన్నిటికీ ఒకే ట్యూబు సరిపోతుందని ఇచ్చే మందు అది. రెండు రోజుల్లో తగ్గి, మానగానే పెచ్చు మీరడం దాని లక్షణమే.

స్టెరాయిడ్ చెడ్డ మందని నేను అనను. గజ్జి కాదు, తామర కాదు అని తేల్చుకున్నాక, చర్మం ఎర్రబారి వాచి దురద పెట్టే ఎగ్జిమా అనే జబ్బు మీద కొద్ది రోజుల పాటు మేమూ రాస్తాం. కానీ పొడి చర్మానికి కావలసింది అది కాదు. దురదను అణచిపెడుతుందే తప్ప పోయిన జిడ్డును తిరిగి ఇవ్వదు. పైగా నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, చారలు పడతాయి, చిన్న దెబ్బకే కమిలిపోతుంది. కింద తామర దాగి ఉంటే అది రూపం మార్చుకుని ఒళ్ళంతా పాకుతుంది. మొండి తామరతో వచ్చేవాళ్ళలో ఎంతోమంది చేతిలో ఇలాంటి ట్యూబే ఉండటం చూసి చాలా బాధ కలుగుతుంది. పైపూతగా వాడే ఇలాంటి స్టెరాయిడ్లు పద్నాలుగింటిని వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చింది. ఇప్పటికీ అడిగితే ఇస్తున్నారంటే అడిగేవాళ్ళు మానకపోవడం కూడా ఒక కారణం. దయచేసి నాలుగో ట్యూబు కొనకండి. ఇన్నాళ్ళు వాడారు కాబట్టి ఆపగానే కొన్ని రోజులు దురద పొంగవచ్చు. అందుకని ఒకసారి చర్మ వైద్యులను కలిసి, వారు చెప్పిన పద్ధతిలో తగ్గించుకోండి. ముఖానికో గజ్జలకో కూడా రాసి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి.

ఇక అసలు సమస్య. మీరు రాసినదాన్ని బట్టి ఇది అలర్జీలా లేదు, చర్మం పొడిబారడమే. దద్దుర్లు లేవు, ఫలానాది తిన్నాక వచ్చిందని లేదు, చలికాలంలోనే వస్తోంది, చేతుల మీద, కాళ్ళ ముందు భాగంలోనే మొదలవుతోంది. పొడి చర్మం తీరే అది. మోకాలి కింద ముందు భాగంలో నూనె గ్రంథులు చాలా తక్కువ. ఎవరికి పొడిబారినా ముందు తెలిసేది అక్కడే.

మన చర్మానికి పైపైన కాగితం కంటే పలచని పొర ఒకటి ఉంటుంది. ఇటుకల గోడను ఊహించుకోండి. చచ్చిపోయి గట్టిపడ్డ చదునైన కణాలు పదిహేను ఇరవై వరసలుగా పేర్చి ఉంటాయి, అవి ఇటుకలు. వాటి మధ్య అడుసులా ఉండేది కొవ్వు. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన మిశ్రమం అది. ఇటుకల లోపల అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్లం వంటివి ఉండి నీటిని పట్టి ఉంచుతాయి. ఆ కొవ్వు కరిగిపోతే లోపలి నీరు ఆవిరై పోతుంది, బయటి సబ్బూ దుమ్మూ లోపలికి చొరబడి నరాల కొసలను రేపుతాయి. దురద అక్కడ పుడుతుంది. గోకితే గోడ ఇంకొంచెం కూలుతుంది, అందుకే గోకిన కొద్దీ దురద పెరుగుతుంది. చర్మంలోంచి నీరు ఆవిరవడం రాత్రి పూట ఎక్కువ. దుప్పటి వెచ్చదనం దురదను ఇంకా లేపుతుంది. పగలంతా పనిలో పడి మరచిపోయింది పక్క మీద గుర్తుకు రావడం కూడా కొంత నిజమే. మీ నిద్ర చెడటంలో విడ్డూరం ఏమీ లేదు.

కాకినాడలో లేనిది ఇక్కడ ఎందుకంటే, అక్కడ సముద్రపు గాలిలో ఏడాది పొడవునా తేమ ఉంటుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్ల పైన పీఠభూమి మీద ఉంది. వానలు వెనుదిరిగాక ఇక్కడి గాలి ఎండిపోతుంది, రాత్రి చలి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మీ చర్మం మారలేదు, చుట్టూ ఉన్న గాలి మారింది. దానికి తోడు రోజంతా ఏసీ. ఏసీ వెనక గొట్టంలోంచి చుక్కలు చుక్కలుగా కారే నీళ్ళు చూశారు కదా, అవి గదిలోని గాలి నుంచి అది పిండిన తేమే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళు మొదటి రెండు మూడు చలికాలాల్లో ఇదే చెబుతారు.

గాలిని మార్చలేం. మార్చగలిగింది స్నానాన్ని. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువ కనిపించిన తప్పు అదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రోజుకు ఒక్క స్నానం చాలు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చిరాకుగా ఉంటే చంకలు, పాదాలు కడుక్కుని ఒంటి మీద మామూలు నీళ్ళు పోసుకోండి, సబ్బు వద్దు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. చేతికి వేడి అలవాటై ఉంటుంది, అందుకని మోచేతిని బక్కెట్లో ముంచి చూడండి. అక్కడికి వేడిగా తగలకపోతే సరి. వేడినీళ్ళు పోసుకుంటున్నంతసేపు దురదకు హాయిగా ఉంటుందని నాకు తెలుసు. అదే మిమ్మల్ని మోసం చేస్తోంది. ఆ హాయి పది నిమిషాలు, అది కరిగించిన కొవ్వు మళ్ళీ చేరడానికి రోజులు పడుతుంది. స్నానం కూడా పది నిమిషాలు దాటనివ్వకండి.

సబ్బు గురించి. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆరోగ్యమైన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు క్షారం, దాని పీహెచ్ 9 నుంచి 10. మట్టి పనో వంటచెరకు పనో చేసి వచ్చినప్పుడు తప్ప చేతులకు, కాళ్ళకు, వీపుకు రోజూ సబ్బు అవసరమే లేదు. చంకలు, గజ్జలు, పాదాలు, ఈ మూడు చోట్ల చాలు. ఇది వినగానే చాలామంది నావైపు అనుమానంగా చూస్తారు, నురగ రాకపోతే స్నానం చేసినట్టే ఉండదంటారు. ఒక్క నెల చేసి చూడమని బతిమాలతాను. వాసన రాదు, మురికి ఉండదు, పొలుసులు తగ్గుతాయి.

సబ్బు కొనేటప్పుడు అట్టపెట్టె మీద టీఎఫ్‌ఎం అని ఒక అంకె ఉంటుంది, అందులోని మొత్తం కొవ్వు శాతం అది. భారతీయ ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. బేతింగ్ బార్ అని రాసి ఉన్నవాటిలో ఇంకా తక్కువ ఉండవచ్చు. మొదటి గ్రేడువి కొంత నయం, కానీ అవీ క్షారాలే. పారదర్శకంగా కనిపించే గ్లిజరిన్ సబ్బులూ అంతే. మీలాంటి వారికి నేను చెప్పేది సిండెట్ బార్. చూపుకు సబ్బే గాని సబ్బు కాదు, సబ్బంత క్షారం లేని కృత్రిమ పదార్థంతో చేసిన బిళ్ళ. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటి పేరు చాలావాటి పదార్థాల్లో మొదట్లోనే కనిపిస్తుంది. ధర ఎక్కువే, అయితే మూడు చోట్లకే వాడతారు కాబట్టి నెలల తరబడి వస్తుంది. బక్కెట్లో యాంటీసెప్టిక్ మూత నిండా పోసుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే మానేయండి. బీరపీచూ ప్లాస్టిక్ పీచూ చలికాలం నాలుగు నెలలూ పక్కన పెట్టండి.

సున్నిపిండి మాట అడగకుండానే అడిగారు. మన పెద్దవాళ్ళు దీపావళికీ భోగికీ నూనె ఒళ్ళంతా ఇంకేదాకా పట్టించి, ఆ తరువాత నలుగు పెట్టేవారు. ఎక్కువైన జిడ్డును పిండి తీసేస్తుంది, ఒంటి మీద పలచని నూనె పొర మిగులుతుంది. ఆ పద్ధతిలో గొప్ప తెలివి ఉంది. అది చెడింది దాని మీద మళ్ళీ మరిగే నీళ్ళు, సబ్బు చేరినప్పుడు. ఆదివారం నూనె మానకండి. కాళ్ళు, చేతులు పొలుసులుగా ఉన్నన్నాళ్ళు అక్కడ సున్నిపిండి వద్దు. పెసరపిండి ఎంత మెత్తగా జల్లించినా గరుకు పోదు, అది పొడి చర్మం మీద ఉన్న కాస్త కొవ్వునూ పీల్చేస్తుంది. వీపుకు, పొట్టకు పెట్టుకోవాలనిపిస్తే మీగడలో కలిపి, రుద్దకుండా, మీద సబ్బు లేకుండా పెట్టుకోండి.

కొబ్బరినూనెను మీరు నమ్మవచ్చు. ఫిలిప్పీన్స్‌లో పొడి చర్మం ఉన్న 34 మంది మీద కొబ్బరినూనెను, పెట్రోలియం నుంచి తీసే మినరల్ నూనెను పోల్చి చూసిన అధ్యయనం 2004లో వచ్చింది. రెండూ సమానంగా పనిచేశాయి. పొద్దుతిరుగుడు నూనె కూడా మంచిదే. ఆలివ్ నూనె మాత్రం వద్దు. ఖరీదు చూసి గొప్పదనుకుంటారు, పసిపిల్లలకు కూడా కొంటారు. అందులో ఎక్కువగా ఉండే ఒలీయిక్ ఆమ్లం చర్మపు పై పొరను వదులు చేస్తుందని 2013 నాటి పరిశోధనలో తేలింది. ఆవనూనె కూడా పొడి చర్మానికి పనికి రాదు.

నూనె మంచిదే అయినా, మీరు రాసే వేళ సరిగా లేదు. స్నానానికి ముందు రాసి కడిగేసుకుంటున్నారు. ఇక్కడే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఉంది. స్నానం చేసినప్పుడు పై పొర కొంత నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. తువ్వాలుతో గట్టిగా తుడిచి, చీర కట్టుకుని, కాఫీ తాగి, తరువాత తీరిగ్గా లోషను రాస్తే ఆ నీరు అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది, చర్మం స్నానానికి ముందుకంటే ఎక్కువ పొడిబారుతుంది. అందుకని తువ్వాలును అద్దండి, రుద్దకండి. ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు, స్నానాల గదిలోనే రాసేసుకోండి. డబ్బా అద్దం ముందు కాదు, గీజరు స్విచ్చు పక్కన అల్మారాలో ఉండాలి. ఎంత ఖరీదైన క్రీము కొన్నారన్న దానికంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. చాలా డబ్బు తగలేసి, వేళ తప్పి రాసి, ఏదీ పనిచేయలేదని నిరాశపడేవాళ్ళను రోజూ చూస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏం రాయాలి? పదార్థాల పేర్లలో మూడు రకాలు వెతకండి. గ్లిజరిన్, యూరియా, లాక్టిక్ ఆమ్లం నీటిని పట్టి ఉంచుతాయి. సెరమైడ్లు కణాల మధ్య ఖాళీ నింపుతాయి. పెట్రోలియం జెల్లీ, లిక్విడ్ పారాఫిన్ పైన మూతపడి నీటిని బయటికి పోనివ్వవు. మూడూ ఉన్న చిక్కటి క్రీము మేలు. పంపు నొక్కితే జారే లోషనులో నీరే ఎక్కువ, అది వేసవికి. కలబంద గుజ్జు ఒక్కటే రాస్తే చల్లగా ఉంటుంది గాని జిడ్డు లేదు కాబట్టి ఆరిపోయాక మళ్ళీ బిగుసుకుంటుంది. సువాసన ఉన్నవి దురద ఉన్నన్నాళ్ళు వద్దు.

పెట్రోలియం జెల్లీని చిన్నచూపు చూడకండి. అమెరికాలో వాజలీన్ తయారీకి 1872లో పేటెంటు వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని క్రీములు పుట్టినా, నీరు ఆవిరి కాకుండా ఆపడంలో దానికి సాటి వచ్చేది దాదాపు లేదు. బాగా పొడిబారిన పిక్కలకు, మోచేతులకు, మడమలకు రాత్రి పూట క్రీము మీద పలచగా అది రాయండి. చలికాలం దాటాక, ఉక్కగా ఉన్నప్పుడు, రోమాలు దట్టంగా ఉన్న చోట రాస్తే వెంట్రుక కుదుళ్ళలో గుల్లలు వస్తాయి. ఏది రాసినా రోమాలు వాలిన దిక్కుగా రాయండి.

ఇంకో మాట, కొలత గురించి. పెద్దవాళ్ళకు ఒళ్ళంతా ఒకసారి రాయడానికి సుమారు 30 గ్రాములు కావాలి. అంటే రోజుకు ఒక్కసారి రాసినా 100 గ్రాముల ట్యూబు మూడు రోజులకే అయిపోతుంది. అలాంటి ట్యూబు మీకు రెండు నెలలు వస్తోందంటే మీరు రాసుకోవడం లేదు, చూపిస్తున్నారు. అందుకే ఖరీదైనది చిన్నది కొనవద్దు. జనరిక్ మందుల షాపులో దొరికే వైట్ సాఫ్ట్ పారాఫిన్ (అంటే పెట్రోలియం జెల్లీయే), లిక్విడ్ పారాఫిన్ కలిసిన క్రీమును పెద్ద డబ్బాలుగా తెచ్చుకుని ధారాళంగా రాసుకోండి. స్నానం తరువాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. ఆఫీసు సంచిలో చిన్నది ఒకటి, చేతులకు. పిక్కల పొలుసులు మొండిగా ఉంటే 5 నుంచి 10 శాతం యూరియా ఉన్నది అక్కడికి మాత్రం వాడండి. చర్మం చిట్లి ఉన్నచోట అది మంట పెడుతుంది, కాబట్టి ముందు మామూలు క్రీముతో పగుళ్ళు మూసుకోనిచ్చి తరువాత మొదలుపెట్టండి.

గ్లిజరిన్, రోజ్‌వాటర్, నిమ్మరసం కలిపి సీసాలో పెట్టుకునే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. మొదటి రెండూ ఉంచి నిమ్మరసం తీసేయండి. అది పగిలిన చర్మాన్ని మండిస్తుంది, పూసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి కాలిన మచ్చలు పడతాయి. గ్లిజరిన్ కూడా చిక్కగా కాక, తడి ఒంటి మీద పలచగా రాయాలి.

మీ బోరు నీళ్ళ సంగతికి వస్తాను. రాతి పొరల్లోంచి వచ్చే ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, మీ బక్కెట్టు లోపల తెల్లగా పేరుకునేదాంట్లో అదీ ఉంటుంది. ఆ తెట్టు ఒంటి మీద మిగిలి చర్మాన్ని రేపుతుంది. ఇది నిజం. కానీ వేలు పోసి నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టించమని మాత్రం చెప్పను. ఇంగ్లండులో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో అలాంటి యంత్రం బిగించి చూశారు. 2011లో వచ్చిన ఫలితాల్లో, మామూలు చికిత్స మీద అదనపు లాభం ఏమీ కనిపించలేదు. పొడి చర్మానికి కూడా అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. సబ్బు తగ్గిస్తే తెట్టూ తగ్గుతుంది, సిండెట్‌కు ఆ తెట్టు రాదు. మీ అపార్ట్‌మెంటుకు మంజీరా నీళ్ళ (నగరానికి వచ్చే నది నీళ్ళ) కనెక్షను ఉంటే చివరి రెండు చెంబులు ఆ నీళ్ళు పోసుకోండి, చాలు.

నాలుగు లీటర్లు తాగడం వల్ల పొలుసులు పోవు. తాగిన నీరు రక్తంలోకి, మూత్రంలోకి వెళ్తుంది, పై పొర దాకా చేరి అక్కడ నిలవదు. దాహం వేసినప్పుడు తాగండి, మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే. మీ అత్తయ్య గారి చేత బలవంతంగా తాగించకండి, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్న పెద్దవాళ్ళకు అది ప్రమాదం. ఊలు స్వెట్టరు వేసుకుంటే లోపల నూలు బట్ట ఉండాలి, దుప్పట్లు డిటర్జెంటు పూర్తిగా పోయేలా జాడించాలి. తిండి గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు మీ అత్తయ్య గారి విషయం. నిజానికి నా ఆదుర్దా మీకంటే ఆవిడ గురించే ఎక్కువ.

వయసు మీరాక నూనె గ్రంథులు మందగిస్తాయి, కణాల మధ్య కొవ్వు తగ్గుతుంది. కాళ్ళ మీద నెర్రెలు విచ్చి, మధ్యలో ఎర్రగా గీతలు కనిపిస్తుంటే అది పొడిబారడం దాటి ఒక రకం ఎగ్జిమాగా మారినట్టు. దానికి కొద్ది రోజులు మందు కావాలి, ఇంట్లో సర్దుకునేది కాదు. షుగరు వల్ల పాదాల నరాలు దెబ్బతింటే అక్కడ చెమట పట్టదు, చర్మం ఎండి మడమలు చీలతాయి. స్పర్శ తగ్గడం వల్ల నొప్పి తెలియదు. ఆ చీలికల్లోంచి చీము పట్టి, పుండై, వేలు తీసేయాల్సి వచ్చిన వాళ్ళున్నారు. మడమల పగుళ్ళను అందం విషయంగా చూడకండి.

ఆవిడ పాదాలను మీరు గాని మీవారు గాని రోజూ వెలుతురులో చూడండి. అరికాళ్ళు, వేళ్ళ సందులు, మడమల వెనక భాగం. ఆవిడ వంగి చూసుకోలేరు, చూసినా కళ్ళకు ఆనకపోవచ్చు. మడమలకు, కాళ్ళకు క్రీము రాయండి, వేళ్ళ సందుల్లో మాత్రం రాయకండి. అక్కడ తడి నిలిస్తే ఒరిసి ఫంగస్ పడుతుంది. గట్టిపడ్డ చర్మాన్ని బ్లేడుతో చెక్కనివ్వకండి. కాళ్ళు వేడినీళ్ళలో పెట్టి కూర్చోవడం, వేడినీళ్ళ సంచీ ఆనించుకోవడం వద్దు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. మడమలకు ఎక్కువ శాతం యూరియా ఉన్న క్రీములు దొరుకుతాయి, షుగరు ఉంది కాబట్టి అవి డాక్టరు చూశాకే. రాత్రి క్రీము రాసి వదులుగా ఉన్న నూలు మేజోళ్ళు తొడగండి, వాటితో గచ్చు మీద నడవనివ్వకండి.

స్నానం స్టూలు మీద కూర్చోబెట్టి చేయించండి. నూనె ఒళ్ళుతో తడి టైల్స్ మీద జారి తుంటి ఎముక విరగడం నేను ఎక్కువగా భయపడే సంగతి. రబ్బరు చాప వేసి, నూనె గాని క్రీము గాని ఆవిడ కూర్చుని ఉండగానే రాసేయండి. వీపుకు ఆవిడ చెయ్యి అందదు, అడగడానికి మొహమాటపడతారు కూడా. మీరే అడిగి రాయండి. పెద్దవాళ్ళ దురదలో సగం అలా అందని చోట మిగిలిపోయేదే.

మరొకటి చాలామందికి తెలియదు. నూనె, పారాఫిన్ క్రీములు రోజూ రాస్తుంటే చీరకు, దుప్పటికి ఇంకిపోతాయి. ఆ బట్ట నిప్పుకు త్వరగా అంటుకుంటుంది, మంట వేగంగా పాకుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఈ విషయమై హెచ్చరిక చేసింది. కార్తీక దీపాలు పెట్టేటప్పుడు, పొయ్యి దగ్గర ఉన్నప్పుడు కొంగు దోపుకోమనండి, బట్టలు తరచుగా మార్చండి.

ఆవిడ వేసుకునే మందుల చీటీ కూడా తీసి చూడండి. మూత్రం ఎక్కువ పోవడానికి ఇచ్చే బిళ్ళలు, కొలెస్టరాల్ బిళ్ళలు కొందరిలో చర్మాన్ని పొడిబారుస్తాయి. సొంతంగా ఆపకండి, డాక్టరుకు చెప్పండి.

ఇదంతా రెండు వారాలు శ్రద్ధగా చేసినా మీకు దురద తగ్గకపోతే, కారణం వేరే ఉందేమో వెతకాలి. వేళ్ళ సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులతో రాత్రి దురద, ఇంట్లో ఇంకొకరికి కూడా మొదలైతే గజ్జి అనుకోవాలి. అప్పుడు ఇంట్లో అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. అంచులు ఎర్రగా లేచి గుండ్రంగా పాకితే తామర. ఎక్కడైనా ఒక మచ్చ పాలిపోయి, పొడిగా ఉండి, చెమట పట్టకుండా, తాకితే తెలియకుండా ఉంటే అది కుష్ఠు కావచ్చు. భయపడి దాచుకోవద్దు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులిస్తారు, పూర్తిగా నయమవుతుంది. దద్దుర్లేమీ లేకుండా ఒళ్ళంతా దురదగా ఉంటే కాలేయం, మూత్రపిండాలు పరీక్ష చేయించాలి.

మీ వయసులో నేను మరచిపోకుండా అడిగేది థైరాయిడ్. ఇంట్లో ఎవరికీ లేనంత చలి మీకొక్కరికే వేస్తోందా? ఒళ్ళు బరువెక్కి, జుట్టు రాలి, నెలసరి ఎక్కువగా అవుతోందా? వీటిలో ఏది ఉన్నా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తక్కువై చర్మం పొడిబారితే ఎన్ని డబ్బాల క్రీము రాసినా పూర్తిగా తగ్గదు, బిళ్ళ మొదలుపెట్టాక కొన్ని వారాల్లో మెత్తబడుతుంది.

దగ్గరలో బస్తీ దవాఖానా ఉంటే మొదట అక్కడ చూపించుకోవచ్చు. చర్మ విభాగం కావాలంటే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఉంది, ఓపీ చీటీ కోసం పొద్దున్నే వెళ్ళాలి. మీరు వెళ్ళేది వచ్చే వారమే కావాలి, అత్తయ్య గారిని కూడా తీసుకువెళ్ళండి. ఆ రోజు కాళ్ళకు ఏమీ రాయకండి, చర్మం ఉన్నది ఉన్నట్టు కనిపించాలి. అయిపోయిన ట్యూబులతో సహా ఇప్పటిదాకా వాడినవన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద పెట్టండి.